వాయేజర్-2కు దొరకని వేడి

2007 ఆగస్టు 30 నుంచి సెప్టెంబరు 1 దాకా, ఆ రెండు మూడు రోజుల్లో, అంతరిక్ష నౌక వాయేజర్-2 ఒకే సరిహద్దును కనీసం ఐదుసార్లు దాటింది. సూర్యుడి నుంచి అన్ని దిక్కులకూ సెకనుకు నాలుగైదు వందల కిలోమీటర్ల వేగంతో వీచే సౌర పవనం, బయట నక్షత్రాల మధ్య ఉన్న వాయువు ఒత్తిడికి ఎక్కడో ఒకచోట తలవంచాల్సిందే కదా, ఆ చోటు అది. సూర్యుడికి 84 ఎయూల దూరంలో తగిలింది. ఒక ఎయూ అంటే భూమికీ సూర్యుడికీ మధ్య దూరం, సుమారు 15 కోట్ల కిలోమీటర్లు, కాబట్టి మొత్తం 1,250 కోట్ల కిలోమీటర్ల పైమాటే. అక్కడ పవనం వేగం దాదాపు సగానికి పడిపోయింది. అంత వేగం ఒక్కసారిగా పోతే ఆ శక్తి వేడిగా మారాలి, లెక్క ప్రకారం అవతలి వైపు ప్లాస్మా, అంటే పవనంలోని విద్యుత్ ఆవేశం ఉన్న కణాల గుంపు, పది లక్షల డిగ్రీలు దాటాలి. వాయేజర్-2 పరికరం చూపించింది లక్షకూ రెండు లక్షలకూ మధ్య. వేగం పోయిన మాట నిజం, వేడి మాత్రం లెక్కకు రాలేదు. శక్తి మాయమయ్యేది కాదు గనుక, మధ్యలో ఎవరో పట్టుకుపోయి ఉండాలి.

ఆ సరిహద్దు ఒక షాక్ వేవ్. శక్తిని ఎవరు పట్టుకుపోయారో తెలియాలంటే ముందు అంతరిక్షంలో షాక్ వేవ్ అనేది ఎలా పుడుతుందో చూడాలి. అది మనకు తెలిసిన గాలిలోని షాక్ వేవ్ లాంటిది కాదు. పేరు ఒకటే, పైకి కనిపించే తీరూ ఒకటే, లోపల జరిగేది మాత్రం పూర్తిగా వేరు.

గాలి సంగతి తేలిక. విమానం వస్తోందంటే ముందున్న గాలి పక్కకు జరగాలి, జరగాలంటే దానికి ముందుగా కబురు అందాలి, ఆ కబురు మోసేది ధ్వని. విమానమే ధ్వని కంటే వేగంగా వస్తే కబురు వెనకబడిపోతుంది, గాలికి ఏమీ తెలియకుండానే నెత్తిన పిడుగు పడ్డట్టు అవుతుంది. అప్పుడు ఆ గాలి ఒక పల్చటి పొరలో అమాంతం నెమ్మదించి, నలిగి, వేడెక్కుతుంది. ఆ పొర ఎంత పల్చన అన్నది అణువులు ఎంత తరచుగా ఢీకొంటాయన్నదాని మీద ఉంటుంది. మన చుట్టూ ఉన్న గాలిలో ఒక అణువు మిల్లీమీటరులో పద్నాలుగు వేలో వంతు దూరం పోయేసరికే ఇంకొకదాన్ని గుద్దుకుంటుంది, కాబట్టి షాక్ పొర మందం కూడా దానికి కొన్ని రెట్లే, కంటికి ఆనదు. గుద్దుకోవడాలే అక్కడ అన్నీ చేస్తాయి: వేగాన్ని ఆపేదీ అవే, ఆ శక్తిని ముక్కలు చేసి అందరికీ సమానంగా పంచేదీ అవే. ఈ రెండో పని గుర్తుంచుకోండి, కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు భూమి దగ్గర సౌర పవనాన్ని తీసుకోండి. ఘన సెంటీమీటరుకు ఓ ఐదు ప్రోటాన్లు, అన్నే ఎలక్ట్రాన్లు. అదే ఘన సెంటీమీటరు గాలిలో అణువుల సంఖ్య రాయాలంటే 25 పక్కన పద్దెనిమిది సున్నాలు పెట్టాలి. ఇంత ఖాళీలో ఒక ప్రోటాన్ ఇంకో దానితో సరిగ్గా ఢీకొనాలంటే సుమారుగా భూమికీ సూర్యుడికీ ఉన్నంత దూరం ప్రయాణించాలి. మరి భూమి అయస్కాంత క్షేత్రం ఈ పవనానికి అడ్డంగా నిలబడి ఉంది, పవనం తన మాధ్యమంలోని తరంగాల కంటే చాలా వేగంగా వస్తోంది, కాబట్టి ముందు ఒక షాక్ ఉండాలి. కానీ ఢీకొనడాల లెక్కన చూస్తే ఆ షాక్ మందం 15 కోట్ల కిలోమీటర్లు రావాలి! అంటే షాక్ లేనట్టే. 1950లలో దీని మీద గట్టి వాదనే నడిచింది, అణువులు తాకకుండా షాక్ ఏమిటి, కుదరదు అన్నవాళ్లు తక్కువ మందేమీ కాదు. 1963 నవంబరులో ఎగిరిన ఐఎంపీ-1 ఉపగ్రహం వెళ్లి చూస్తే షాక్ ఉంది. భూమికి సూర్యుడి వైపున సుమారు 90 వేల కిలోమీటర్ల దూరంలో, చాలా పల్చగా, వందల కిలోమీటర్ల లెక్కలో తేలే మందంతో.

మరి ఆ ప్రోటాన్లను ఆపింది ఎవరు? అయస్కాంత క్షేత్రం, విద్యుత్ క్షేత్రం. ప్లాస్మా అంటే ఆవేశం ఉన్న కణాల గుంపు. ఆవేశం ఉన్న కణం అయస్కాంత క్షేత్రంలో తిన్నగా పోలేదు, గిరగిరా తిరుగుతుంది. భూమి దగ్గర సౌర పవనంలో అయస్కాంత క్షేత్రం 5 నానోటెస్లాలు, అంటే భూమి ఉపరితలం మీద దిక్సూచిని తిప్పే క్షేత్రంలో కొన్ని వేలో వంతు, లెక్కలోకే రాదనిపిస్తుంది. కానీ సెకనుకు 400 కిలోమీటర్ల ప్రోటాన్‌ను అది 800 కిలోమీటర్ల పైచిలుకు వ్యాసార్ధంతో తిప్పేస్తుంది. 15 కోట్ల ముందు 800 ఎంత! పక్కవాడు తగలకపోయినా, క్షేత్రం పట్టుకుని తిప్పుతుంది, ఆ క్షేత్రాన్ని మళ్లీ ఈ కణాల ప్రవాహాలే తయారు చేస్తాయి. అందరూ కలిసి తాడు పేని, అదే తాడుతో అందరూ కట్టుబడిపోయినట్టు.

దగ్గరికి వెళ్లి చూస్తే ఇంకా తమాషాగా ఉంటుంది. బలమైన షాక్ దగ్గరికి వచ్చిన ప్రోటాన్లలో పదింట ఒకటో రెండో వంతులు లోపలికి పోకుండా, అక్కడి విద్యుత్ క్షేత్రం నెట్టినందుకో అయస్కాంత క్షేత్రం వంచినందుకో, వెనక్కి తిరుగుతాయి. వచ్చిన దారినే కొంత దూరం వెళ్లి, ఎదురుగా వస్తున్న ప్రవాహంలో ఒక చుట్టు తిరిగి, ఆ ప్రవాహం వెంట ఉండే విద్యుత్ క్షేత్రం నుంచి బాగా శక్తి పుంజుకుని, రెండోసారి వచ్చి షాక్‌ను దాటేస్తాయి. దాటాక అవి పెద్ద పెద్ద చుట్లు తిరుగుతుంటే, మొదటిసారే దాటిపోయినవి చిన్న చుట్లు తిరుగుతుంటాయి. కొంత దూరం నుంచి చూసేవాడికి రకరకాల దిక్కుల్లో రకరకాల వేగాలతో తిరిగే కణాల గుంపు కనిపిస్తుంది. దాన్నే మనం వేడి అంటున్నాం. ఒక దిక్కున పోయే వేగం కలగాపులగం అయిపోవడమే వేడెక్కడం. ఢీకొనడం అనేది ఎక్కడా లేదు.

అయితే నిజంగా దీన్ని వేడి అనొచ్చా? నా మట్టుకు ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా ఇబ్బంది పెట్టిన ప్రశ్న ఇదే. ఒక గదిలో గాలి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు అంటే నైట్రోజన్‌కూ ఆక్సిజన్‌కూ అదే 30, ఎందుకంటే సెకనుకు కొన్ని వందల కోట్ల సార్లు గుద్దుకుంటూ పంచుకుంటూ ఉంటాయి. ప్లాస్మా షాక్‌లో ఆ పంపకాలు చేసే పెద్దమనిషి లేడు. ఎవరికి ఎంత దక్కితే అంత. కాబట్టి ప్రోటాన్ల ఉష్ణోగ్రత వేరు, ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత వేరు, హీలియంది వేరు, ఆక్సిజన్‌ది వేరు. ఒక్క అంకె చెప్పమంటే అడిగినవాడిదే తప్పు.

లెక్క వేసి చూద్దాం. సెకనుకు 1,000 కిలోమీటర్ల షాక్ అనుకోండి. ఉన్న శక్తిని అందరూ సమానంగా పంచుకుంటే ఉష్ణోగ్రత సుమారు 1 కోటి 40 లక్షల డిగ్రీలు వస్తుంది. పంచుకోకుండా ఎవరి వేగాన్ని వాళ్లే వేడిగా మార్చుకుంటే ప్రోటాన్‌కు 2 కోట్ల 20 లక్షల పైన, ఎలక్ట్రాన్‌కు 12 వేలు. ప్రోటాన్ ఎలక్ట్రాన్ కంటే 1,836 రెట్లు బరువు, అదే వేగంతో వస్తున్నప్పుడు శక్తంతా బరువున్నవాడి దగ్గరే ఉంటుంది, తేడా కూడా అన్నే రెట్లు. ఒకే చోట, ఒకే క్షణాన, ఒకడు కోట్లలో, ఇంకొకడు వేలల్లో. నిజం ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది, ఎక్కడో తెలుసుకోవడానికి ఖగోళ శాస్త్రవేత్తలు ఒక చక్కటి ఉపాయం పట్టారు.

పేలిపోయిన నక్షత్రాల శిథిలాలు, అంటే సూపర్‌నోవా శేషాలు, చుట్టూ ఉన్న వాయువులోకి షాక్‌ను తోసుకుంటూ పోతాయి కదా. ఆ వాయువులో అక్కడక్కడా ఆవేశం లేని హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. ఆవేశం లేదు కాబట్టి వాటికి షాక్ ఉన్నట్టే తెలియదు, తిన్నగా లోపలికి నడిచిపోతాయి. లోపల కొన్ని పరమాణువులు వెంటనే ఎర్రటి కాంతి ఇస్తాయి, అవి చల్లగానే ఉన్నాయి కాబట్టి వర్ణపటంలో ఆ గీత సన్నగా వస్తుంది. ఇంకొన్ని తమ ఎలక్ట్రాన్‌ను అక్కడ వేడెక్కి తిరుగుతున్న ప్రోటాన్‌కు అప్పజెప్పేస్తాయి. అప్పుడు ఆ ప్రోటాన్ హైడ్రోజన్‌గా మారి, తన పాత వేగంతోనే పరుగెడుతూ అదే ఎర్రటి కాంతి ఇస్తుంది, ఈ గీత మాత్రం వెడల్పుగా సాగిపోయి కనిపిస్తుంది. వెడల్పు చూస్తే ప్రోటాన్ల ఉష్ణోగ్రత తెలుస్తుంది, వెడల్పు గీతా సన్న గీతా ఏ పాళ్లలో వెలుగుతున్నాయో చూస్తే ఎలక్ట్రాన్ల వేడి మీద అంచనాకు రావొచ్చు. వేల కాంతి సంవత్సరాల అవతల, వందల కిలోమీటర్ల స్థాయిలో జరిగే వ్యవహారానికి ఇలా థర్మామీటరు పెట్టగలగడం మామూలు విషయం కాదు.

ఆ కొలతల్లో తేలినది: సెకనుకు 400 కిలోమీటర్ల ప్రాంతపు షాక్‌లలో ఎలక్ట్రాన్లూ ప్రోటాన్లూ దాదాపు సరిసమానంగా వేడెక్కుతున్నాయి, 2,000 దాటితే ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత ప్రోటాన్లదాంట్లో పదో వంతు కూడా ఉండట్లేదు. అంటే షాక్ ఎంత బలంగా ఉంటే పంపకం అంత అన్యాయంగా ఉంటోంది. ఇంకోలా చూస్తే, షాక్ వేగం పెరిగినా ఎలక్ట్రాన్లకు దక్కే వాటా పెద్దగా పెరగట్లేదు, పెరిగినదంతా ప్రోటాన్ల ఖాతాలోకే పోతోంది. అయినా ఆ పదో వంతు కూడా 1,836లో ఒక వంతు కంటే ఎన్నో రెట్లు ఎక్కువే, కాబట్టి ఏదో ఒకటి ఎలక్ట్రాన్లకు అంతో ఇంతో చేరవేస్తోంది. అది షాక్ లోపల స్థిరంగా ఉండే విద్యుత్ క్షేత్రమా, లేక అక్కడ పుట్టే రకరకాల చిన్న తరంగాలా అన్నది ఇప్పటికీ తెగలేదు. 2015 మార్చిలో పంపిన ఎంఎంఎస్ ఉపగ్రహాలు నాలుగూ ఒకదానికొకటి దగ్గరగా ఎగురుతూ భూమి ముందున్న షాక్‌ను దాటిన ప్రతిసారీ ఈ తగువుకు కొత్త సాక్ష్యం తెస్తున్నాయి.

ఇంతవరకూ చెప్పింది గుంపు గురించి. అసలు మజా గుంపును వదిలేసి పోయేవాళ్ల గురించి.

1912 ఆగస్టు 7న విక్టర్ హెస్ బెలూన్‌లో ఐదు వేల మీటర్ల పైకి వెళ్లి, పైకి పోయేకొద్దీ రేడియేషన్ పెరుగుతోందని చూశాడు. కాస్మిక్ కిరణాల కథ అక్కడ మొదలైంది. కిరణాలన్న పేరు పడిపోయింది గానీ అవి కణాలే, ఎక్కువగా ప్రోటాన్లు. 1934లో వాల్టర్ బాడే, ఫ్రిట్జ్ జ్విక్కీ ఇవి సూపర్‌నోవాల నుంచి వస్తుండవచ్చన్నారు. ఎలా వస్తున్నాయో వాళ్లు చెప్పలేదు. 1949లో ఎన్రికో ఫెర్మి ఒక దారి చూపించాడు: అయస్కాంత క్షేత్రాలు మోసుకు తిరిగే వాయు మేఘాలను కణాలు తాకి వెనక్కి తుళ్లితే శక్తి పెరుగుతుందని.

క్రికెట్ చూసేవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. బంతికి ఎదురుగా బ్యాట్ ఊపితే బంతి వచ్చినదాని కంటే వేగంగా పోతుంది. మెత్తటి చేతులతో బ్యాట్‌ను వెనక్కి లాగుతూ ఆడితే బంతి అక్కడే చచ్చిపడుతుంది. ఫెర్మి మేఘాలు ఇష్టమొచ్చిన దిక్కుల్లో తిరుగుతుంటాయి, కొన్ని ఎదురొచ్చి కొడతాయి, కొన్ని వెనక్కి జరుగుతూ ఆడతాయి. ఎదురొచ్చేవి కాస్త ఎక్కువ తగులుతాయి కాబట్టి చివరికి లాభమే, కానీ ఆ లాభం మరీ నత్తనడక. సరిపోదు.

1977, 1978లలో నాలుగు బృందాలు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఒకే విషయం పట్టుకున్నాయి: రష్యాలో క్రిమ్‌స్కీ, విడిగా యాక్స్‌ఫర్డ్, లీర్, స్కాడ్రన్ అనే ముగ్గురు, ఇంగ్లండ్‌లో ఆంథొనీ బెల్, ఇంకోవైపు బ్లాండ్‌ఫర్డ్, ఆస్ట్రైకర్. షాక్ దగ్గర పెట్టి చూస్తే ప్రతి బ్యాటూ ఎదురొచ్చి కొట్టేదే!

ఎలాగో చూడండి. సెకనుకు 5,000 కిలోమీటర్లతో దూసుకొచ్చే షాక్ అనుకుందాం. దాని వెనక ఉన్న వేడి వాయువు సెకనుకు 3,750 కిలోమీటర్లతో అదే దిక్కున వస్తుంటుంది, బలమైన షాక్‌లో ఎప్పుడూ నాలుగింట మూడు వంతులే. మీరు షాక్‌కు ముందున్న చల్లటి వాయువులో నిలబడి చూస్తే లోపలి వాయువు 3,750 వేగంతో మీ మీదికి వస్తోంది. ఇప్పుడు అటు వెళ్లి లోపలి వాయువుతో పాటు కదులుతూ చూడండి, బయటి వాయువు అదే 3,750తో మీ మీదికి వస్తోంది. ఏ పక్క నుంచి దాటినా అవతలిది ఎదురొచ్చే గోడే. కణం ఒక పక్కన అయస్కాంత క్షేత్రంలోని చిక్కుముళ్లకు తగిలి వెనక్కి తిరుగుతుంది, ఇటొచ్చి మళ్లీ తగిలి అటు పోతుంది, ప్రతి దాటుడుకూ ఎంతో కొంత మిగులు. వెనక్కి జరుగుతూ ఆడే బ్యాటు అసలు లేనే లేదు.

మిగులు ఎంత? కాంతి వేగానికి దగ్గరగా పోయే కణానికి ఒక పూర్తి రౌండుకు వచ్చే లాభం, షాక్ వేగాన్ని కాంతి వేగంతో భాగిస్తే వచ్చేంత. 5,000ని 3 లక్షలతో భాగిస్తే సుమారు 1.7 శాతం. చక్రవడ్డీ లాంటిదే. ఇక్కడే ఒక చిన్న మెలిక ఉంది. వెనక వైపు ప్రవాహం కణాలను షాక్ నుంచి దూరంగా లాక్కుపోతుంటుంది, కాబట్టి రౌండు రౌండుకూ కొన్ని తిరిగి రాకుండా కొట్టుకుపోతాయి. అలా పోయేవాటి వాటా ఎంతో తెలుసా? అదీ 1.7 శాతమే. 42 రౌండ్లు తిరిగేసరికి శక్తి రెట్టింపు, ఆటలో మిగిలినవాళ్లు సగం. మరో 42కు శక్తి నాలుగు రెట్లు, మిగిలింది నాలుగో వంతు. ఇలా ఇరవైసార్లు రెట్టింపయితే, అంటే 840 రౌండ్లు పూర్తయితే, పది లక్షల కణాల్లో ఒకటి మిగులుతుంది, దాని దగ్గర మొదటి శక్తికి పది లక్షల రెట్లు ఉంటుంది. ఇదంతా ఇప్పుడు షాక్ వేగం 1,000 అని వేసి చూడండి: లాభమూ తగ్గుతుంది, నష్టమూ అంతే తగ్గుతుంది, నిష్పత్తి మారదు. ఎక్కడి బలమైన షాక్ అయినా, ఏ సైజుదైనా, శక్తి రెట్టింపయితే అంతకు పైన ఉన్న కణాలు సగం. మొదటిసారి ఈ లెక్క కాగితం మీద చేసి చూసుకున్నప్పుడు చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను, ఎందుకంటే ఇందులో షాక్ ఎలా తయారైంది, ఏ నక్షత్రం పేలింది అన్న వివరం ఒక్కటీ అక్కర్లేదు.

భూమికి చేరే కాస్మిక్ కిరణాల్లో సరిగ్గా ఈ నిష్పత్తి కనపడదు, శక్తి రెట్టింపయితే సంఖ్య మూడో వంతు కంటే కొంచెం కిందికి పడిపోతుంది. దానికి ముఖ్య కారణం ఉంది, ఎక్కువ శక్తి ఉన్నవి మన గెలాక్సీలో నిలవకుండా త్వరగా బయటికి కారిపోతాయి. అది సరిచేశాక కూడా సిద్ధాంతానికీ పరిశీలనకూ మధ్య కొద్దిగా ఎడం మిగులుతుంది, దాన్ని పూడ్చే పని ఇంకా నడుస్తోంది.

ఈ ఆట మొత్తం ఎందుకు సాధ్యమైందో గమనించారా? ఢీకొనడాలు లేవు కాబట్టి. గాలిలోని షాక్‌లో ఒక అణువుకు పొరపాటున వేగం ఎక్కువైతే, మరుక్షణం పక్కవాళ్లు పది మంది గుద్ది దాన్ని మామూలు మనిషిని చేసేస్తారు. ప్లాస్మాలో అడిగేవాడు లేడు, సంపాదించింది సంపాదించినట్టే ఉంటుంది. పంపకాలు చేసే పెద్దమనిషి లేకపోవడం వల్ల ఎలక్ట్రాన్లకు అన్యాయం జరిగిందని పైన అనుకున్నాం, అదే కారణం వల్ల కొద్దిమంది కుబేరులూ తయారయ్యారు. వేడెక్కడం, త్వరణం అని పుస్తకాల్లో రెండు అధ్యాయాలుగా రాస్తారు గానీ నాకు అవి ఒకే ఖాతాలో రెండు పద్దుల్లా కనిపిస్తాయి. గెలాక్సీలో ఉన్న కాస్మిక్ కిరణాలన్నిటినీ నిలబెట్టాలంటే శతాబ్దానికి రెండు మూడు సూపర్‌నోవాలు, ఒక్కొక్కటీ తన పేలుడు శక్తిలో సుమారు పదో వంతు వీటికి ఇస్తే చాలు. పదో వంతు చిన్న మొత్తం కాదు, అది ఇటు పోతే అటు వేడికి అంత తక్కువ పడుతుంది.

సాక్ష్యం ఏదీ అంటారా? క్రీ.శ. 1006లో ఆకాశంలో పేలిన నక్షత్రపు శేషం, ఎస్ఎన్ 1006, అంచుల్లో వచ్చే ఎక్స్ కిరణాలు వేడి వాయువు ఇచ్చే రకం కావని 1995లో జపాన్ ఉపగ్రహం ఆస్కా పరిశీలనలతో తేలింది. అవి అయస్కాంత క్షేత్రంలో తిరిగే అతి వేగపు ఎలక్ట్రాన్లు ఇచ్చేవి, ఒక్కొక్కదాని శక్తి సుమారు కోటి కోట్ల ఎలక్ట్రాన్‌వోల్టులు (ఒక్కో కణం శక్తిని కొలిచే చిన్న కొలత ఇది). ఆ శేషం చుట్టూతా ఒకేలా వెలగదు, ఎదురెదురుగా రెండు టోపీలు పెట్టినట్టు రెండు అంచుల్లోనే మెరుస్తుంది. అయస్కాంత క్షేత్రం షాక్ కదిలే దిక్కునే ఉన్న చోట ఆట బాగా సాగుతుంది, అడ్డంగా ఉన్న చోట సాగదు అన్నదానికి దీన్ని ఉదాహరణగా చూపిస్తారు. ప్రోటాన్ల మీద సాక్ష్యం దొరకడానికి మాత్రం 2013 దాకా ఆగాల్సి వచ్చింది. వేగపు ప్రోటాన్లు మామూలు వాయువును గుద్దితే పయాన్లనే అల్పాయుష్షు కణాలు పుడతాయి, అవి విరిగి గామా కిరణాలు ఇస్తాయి, ఆ గామా వర్ణపటానికి తక్కువ శక్తుల దగ్గర ప్రత్యేకమైన ఒంపు ఉంటుంది, ఎలక్ట్రాన్లు ఇచ్చేదానిలో ఆ ఒంపు రాదు. ఐసీ 443, డబ్ల్యూ 44 అనే రెండు శేషాల్లో దాన్ని పట్టింది ఫెర్మి గామా టెలిస్కోపే, పేరు కలిసిరావడం అంటే ఇదే.

ఇక చిక్కుల సంగతి. మొదటిది, ఈ ఆటలోకి అడుగు పెట్టడం. షాక్ మందం ప్రోటాన్ చుట్టు సైజులో ఉంటుంది, ఇందాక అనుకున్న వందల కిలోమీటర్లు. అదే వేగంతో వచ్చే ఎలక్ట్రాన్ చుట్టు అర కిలోమీటరు కూడా ఉండదు. ప్రోటాన్‌కు గోడలా తగిలేది ఎలక్ట్రాన్‌కు నెమ్మదైన ఏటవాలులా ఉంటుంది, మెల్లగా ఎక్కి దాటిపోతుంది, వెనక్కి తుళ్లేది ఏముంది? అటూ ఇటూ తిరగాలంటే ముందే దానికి బాగా శక్తి ఉండాలి, ఆ మొదటి పెట్టుబడి ఎవరు పెడతారన్నది పెద్ద ప్రశ్న. 2007 ఫిబ్రవరి 3న శని గ్రహం ముందున్న షాక్‌ను కాసిని నౌక దాటినప్పుడు అది మామూలు కంటే ఎంతో బలంగా, సూపర్‌నోవా షాక్‌ల స్థాయిలో ఉంది, అక్కడ ఎలక్ట్రాన్లు కాంతి వేగానికి దగ్గరగా చేరడం నేరుగా కనిపించింది. అంటే బలమైన షాక్ ఎలాగోలా పెట్టుబడి పుట్టిస్తుంది. ఎలాగో తేల్చడానికి ఒక్కో కణాన్నీ కంప్యూటర్లో నడిపించే సిమ్యులేషన్లు పగలూ రాత్రీ నడుస్తున్నాయి.

రెండోది పైమెట్టు. కాస్మిక్ కిరణాల సంఖ్య 30 కోటి కోట్ల ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గర హఠాత్తుగా ఇంకా నిటారుగా పడిపోతుంది, దాన్ని మోకాలు అంటారు. మనుషులు కట్టిన అతి పెద్ద కణ త్వరణ యంత్రం ఎల్‌హెచ్‌సి ఒక ప్రోటాన్‌కు ఇచ్చేదానికి ఇది నాలుగు వందల రెట్ల పైన. మన గెలాక్సీలోని యంత్రాలు కనీసం అక్కడిదాకా లాగాలి. కానీ కణానికి శక్తి పెరిగేకొద్దీ దాని చుట్టు పెద్దదవుతుంది, ఒక్కో రౌండుకు పట్టే సమయం పెరుగుతుంది, ఈలోగా షాక్ ముసలిదైపోతుంది. నక్షత్రాల మధ్య ఉండే మామూలు అయస్కాంత క్షేత్రంతో లెక్క వేస్తే కోటి కోట్ల దగ్గరే ఆగిపోతుందని 1983లో లగాజ్, సెజార్స్కీ చూపించారు. ఇరవై ఏళ్ల తర్వాత, 2004లో, మళ్లీ బెల్ వచ్చి ఒక దారి చెప్పాడు: షాక్ ముందుకు పారిపోయే ప్రోటాన్ల ప్రవాహమే అక్కడి క్షేత్రాన్ని మెలిపెట్టి పదుల రెట్లు పెంచేస్తుంది. నిజంగానే చంద్ర అనే అంతరిక్ష టెలిస్కోపు తీసిన ఎక్స్ కిరణాల చిత్రాల్లో కుర్ర శేషాల అంచులు దారాల్లా సన్నగా ఉన్నాయి, క్షేత్రం బాగా పెరిగితేనే ఎలక్ట్రాన్లు అంత కొద్ది దూరంలో శక్తి పోగొట్టుకోగలవు. ఇంతా చేసి, 350 ఏళ్ల కుర్ర శేషం కాసియోపియా ఎ నుంచి వచ్చే గామా కిరణాలు మూడున్నర లక్షల కోట్ల ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గరే సన్నగిల్లిపోతున్నాయి. ప్రోటాన్ శక్తిలో గామాకు దక్కేది సుమారు పదో వంతే అనుకున్నా మోకాలు చాలా దూరం. 2021లో చైనాలోని లాసో పరిశీలనశాల కోటి కోట్ల ఎలక్ట్రాన్‌వోల్టులు దాటిన గామా కిరణాలు వచ్చే చోట్లు డజను దాకా పట్టింది, వాటిలో అన్నీ సూపర్‌నోవా శేషాలు అనడానికి లేదు. పాఠాల్లో సూపర్‌నోవాలే అని తేల్చి రాసేస్తారు గానీ, మోకాలి దాకా నిజంగా వాటి పనేనా అన్న దానిపై నేనైతే పందెం కాయను.

ఇప్పుడు వాయేజర్-2 దగ్గరికి. బయటి నక్షత్రాల మధ్య వాయువులోంచి ఆవేశం లేని పరమాణువులు సూర్యుడి రాజ్యంలోకి యథేచ్ఛగా వచ్చేస్తుంటాయి, ఇందాకటి హైడ్రోజన్ లాగే. లోపలికొచ్చాక ఎక్కడో ఒకచోట ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకుని ఆవేశం తెచ్చుకుంటాయి, ఆ క్షణమే సౌర పవనపు క్షేత్రం వాటిని ఎత్తుకుని తనతో పాటు తిప్పడం మొదలుపెడుతుంది. వీటిని పికప్ అయాన్లు అంటారు. సంఖ్యలో తక్కువే, కానీ పవనంలో కొత్తగా ఎక్కినవి కాబట్టి పెద్ద వేగంతో చుట్లు తిరుగుతుంటాయి, అంటే షాక్ దగ్గరికి వచ్చేటప్పటికే జేబులో డబ్బుంది. షాక్‌లో వెనక్కి తుళ్లి శక్తి పెంచుకునే అవకాశం ఎక్కువగా దొరికేది ఇలాంటివాటికే. పవనం పోగొట్టుకున్న శక్తిలో అధిక భాగం ఈ కొద్దిమందికే పోయింది, అసలు పవనంలోని ప్రోటాన్లకు చిల్లర మిగిలింది. 2004 డిసెంబరులోనే వాయేజర్-1 ఇదే షాక్‌ను 94 ఎయూల దగ్గర దాటింది గానీ, దాని ప్లాస్మా పరికరం 1980లోనే పాడైపోవడంతో ఈ ముక్క అప్పుడు తెలియలేదు.

తమాషా ఏమిటంటే వాయేజర్-2 కూడా ఆ పికప్ అయాన్లను కళ్లారా చూడలేదు. దాని ప్లాస్మా పరికరం 6 వేల ఎలక్ట్రాన్‌వోల్టుల దాకానే కొలుస్తుంది, వేగపు కణాలను పట్టే ఇంకో పరికరం 28 వేల దగ్గర మొదలవుతుంది. పోయిన శక్తిలో చాలావరకు సరిగ్గా ఆ మధ్య సందులో దాక్కుంది, 1977లో నౌకను పంపినవాళ్లు అక్కడ కిటికీ పెట్టలేదు. కనిపించినవాటి లెక్క తీసేసి మిగిలింది వీళ్లదేనని తేల్చుకోవాల్సి వచ్చింది. పికప్ అయాన్లను విడిగా కొలిచే పరికరంతో న్యూ హొరైజన్స్ నౌక 2006లో బయల్దేరింది. ప్లూటోను దాటాక, సుమారు 34 ఎయూల దగ్గర, సౌర పవనంలో ప్రయాణించే చిన్న షాక్ ఒకటి దాన్ని దాటుకుంటూ పోయింది. ఆ ముందూ వెనకా కొలతలు పక్కపక్కన పెట్టి చూస్తే, సౌర పవనపు ప్రోటాన్ల కంటే పికప్ అయాన్లే ఎక్కువ వేడెక్కి ఉన్నాయి.